ఆఫీసు ఎటు పోతే ఊరు అటు

జపాన్ న్యాయవాదుల సమాఖ్య 2019లో ఒక పని చేసింది. నాలుగు వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊళ్లను జతలు జతలుగా ఎంచుకుంది. జతలో ఒక ఊరు పక్క పట్టణంలో కలిసిపోయింది. రెండోది కలవకుండా మిగిలింది. మిగతా విషయాల్లో రెండూ ఇంచుమించు ఒకేలాంటివి. 2000 నుంచి 2015 దాకా జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, 47 జతల్లో 43 చోట్ల కలిసిన ఊరే వేగంగా ఖాళీ అయింది.

కలిసిన ఊరికి పెద్ద పట్టణం అండ దొరికింది. ఇంజనీర్లు, ప్లానింగ్ నిపుణులు అందుబాటులోకి వచ్చారు. విలీనమైతేనే చిన్న ఊళ్లు బతికి బట్టకడతాయని ప్రభుత్వం చెప్పింది కూడా. మరి జనం ఎందుకు వెళ్లిపోయారు?

అప్పటికే చితికిపోయిన ఊళ్లే విలీనానికి తలూపి ఉంటాయి కదా అని అడగొచ్చు. న్యాయమైన అనుమానమే. ఒకేలాంటి ఊళ్లను జత కట్టినంత మాత్రాన అది పూర్తిగా తీరదు. కానీ విలీనం తరువాత ఊళ్లో రోజువారీ బతుకులో ఏం మారుతుందో దగ్గరగా చూస్తే ఈ 43 అంకె అంత వింతగా అనిపించదు.

ఎనభై మంది ఎటు పోయారు

ఒక చిన్న ఊరి మున్సిపల్ ఆఫీసు అనుకుందాం. ఎనభై మంది సిబ్బంది. నెల తిరిగేసరికి ఎనభై జీతాలు ఆ ఊళ్లోనే చేతులు మారతాయి. ఎదురుగా ఉన్న హోటల్లో మధ్యాహ్నం భోజనాలు, పక్కన జిరాక్స్ షాపు, ఆ పక్కన ఫారాలు నింపిపెట్టే మనిషి. పనికని వచ్చినవాళ్లు పనిలోపనిగా కూరగాయలు కొనుక్కుంటారు, సైకిల్ బాగుచేయించుకుంటారు. సిబ్బంది పిల్లలు ఊరి బడిలోనే చదువుతారు.

విలీనం జరిగిన రోజు ఏమీ మారదు. గుమ్మం మీద బోర్డు మాత్రం మారుతుంది, ఇకమీదట అది శాఖా కార్యాలయం. ఏడాదికి అకౌంట్స్ సెక్షన్‌ను ప్రధాన కార్యాలయానికి మారుస్తారు. రెండు చోట్లా అదే పని ఎందుకు అన్నది కాదనలేని మాటే. తరువాత ఇంజనీరింగ్, ఆ తరువాత ప్లానింగ్. చివరికి అర్జీలు తీసుకుని పైకి పంపే పదిహేను మంది మిగులుతారు. పై అంతస్తులో లైట్లు వెయ్యడం మానేస్తారు.

ఇందులో ఎవరి ఉద్యోగమూ ఊడలేదు, అందుకే ఎవరూ గోల చేయరు. అందరికీ బదిలీలే. బదిలీ అయిన మనిషి ఓ ఏడాది రోజూ వెళ్లొస్తాడు. రెండో ఏడు అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. మూడో ఏడు పిల్లల టీసీలు తీసుకుంటాడు. అలా ఇరవై కుటుంబాలు కదిలితే బడిలో ఒక్కో తరగతికి ఇద్దరు ముగ్గురు తగ్గుతారు. ఇక పిల్లలు చాలడం లేదని బడిని కూడా పక్క బడిలో కలపాలన్న ఫైలు మొదలవుతుంది. అప్పటికి ఆఫీసు సంగతి ఎవరికీ గుర్తుండదు. కుర్రాళ్లు ఊళ్లో ఉండటం లేదని నిట్టూరుస్తారు, అంతే.

ఇది ఊహించిన ఊరు. కానీ ఇదే దారిలో ఉద్యోగాలు కదలడం ఫిన్లాండ్ పరిశోధకులు లెక్కలతో చూపించారు. అక్కడ 2009లో చాలా మున్సిపాలిటీలు కలిశాయి. కొత్త కౌన్సిల్లో బలం చాలని ఊళ్ల నుంచి పాలనా సిబ్బంది, ఆరోగ్య, సంక్షేమ సేవల ఉద్యోగాలు తరలిపోయాయి. బలం ఉన్న ఊళ్లకు ఆ నష్టం రాలేదు. అంటే ఉద్యోగాలు కదిలింది పొదుపు కోసమే కాదు, కౌన్సిల్లో ఎవరి చేతులు ఎక్కువ లేచాయన్న దాన్ని బట్టి కూడా.

ఎందుకు కలుపుతారు

కలపడం వెనుక ఎప్పుడూ కుట్రే ఉంటుందనుకుంటే పొరపాటు. జపాన్ చరిత్రలో మూడు పెద్ద విలీనాలు జరిగాయి. మొదటిది 1888-89లో. 71,314 ఊళ్లు ఒక్క ఏడాదిలో 15,859 అయ్యాయి. ఒక ప్రాథమిక పాఠశాలను నడపగలిగేంత ఊరు ఉండాలని, 300 నుంచి 500 ఇళ్లను కొలతగా పెట్టుకున్నారు. రెండోది 1953 తరువాత. ఈసారి కొలత మాధ్యమిక పాఠశాల, కనీసం 8 వేల జనాభా. 1961 నాటికి 9,868 నుంచి 3,472కు దిగారు. రెండుసార్లూ కొలత బడే. మామూలు మనిషికి అర్థమయ్యే కొలత.

మూడోసారి ఆ స్పష్టత లేదు. 1999లో 3,232 మున్సిపాలిటీలు ఉండగా 2010 మార్చికి 1,727 మిగిలాయి. వయసు మళ్లిన జనాభా, ఖజానాల మీద భారం, పాలనా సామర్థ్యం అంటూ కారణాలు చాలానే చెప్పారు. కానీ ఊళ్లను కదిలించింది డబ్బే. విలీనమైతే ఖర్చులో 95 శాతం దాకా ప్రత్యేక బాండ్లతో అప్పు తెచ్చుకోవచ్చు, తిరిగి కట్టాల్సిన దానిలో 70 శాతం కేంద్రం చూసుకుంటుంది. పదేళ్లపాటు గ్రాంట్లు కూడా విడివిడిగా ఉన్నట్టే లెక్కగట్టి ఇస్తారు. మరోవైపు చిన్న ఊళ్లకొచ్చే సాయానికి కోతలు మొదలయ్యాయి. ఇటు తాయిలం, అటు బెత్తం.

ఫలితంగా పుట్టిన వాటిలో తకయామా ఒకటి. 2005లో పది ఊళ్లు కలిసి 2,177 చదరపు కిలోమీటర్ల నగరం అయింది. టోక్యో నగరం ఉన్న టోక్యో రాష్ట్రం (ప్రిఫెక్చర్) మొత్తం దాదాపు అంతే ఉంటుంది. తేడా ఏమిటంటే తకయామాలో తొంభై శాతానికి పైగా అడవి. దాన్ని నగరం అనాలంటే కొంచెం ధైర్యం కావాలి.

పేర్ల దగ్గర కూడా తమాషాలు జరిగాయి. మిహామా, మినామిచిత అనే రెండు ఊళ్లు కలవాలనుకున్నాయి. కొత్త ఊరికి ఏదో ఒక ఊరి పేరు పెడితే రెండోవాళ్లకు కోపం. అందుకని అప్పుడే తెరుచుకుంటున్న సెంట్రెయిర్ విమానాశ్రయం పేరు తగిలించి మినామి-సెంట్రెయిర్ అన్నారు. 2005 ఓటింగులో జనం పేరునూ విలీనాన్నీ కలిపి తిప్పికొట్టారు. పైకి చిల్లర గొడవలా కనిపిస్తుంది కానీ, అడ్రసులో రాసుకునే పేరు ఏ అధికారీ తేలిగ్గా తీసుకోదగినది కాదు.

మిగలాల్సిన డబ్బు

విలీనం అనగానే మొదట వినిపించే మాట పొదుపు. ఇద్దరు కమిషనర్ల బదులు ఒకరు, రెండు కంప్యూటర్ సిస్టమ్‌ల బదులు ఒకటి. ఈ భాగం నిజంగానే తగ్గుతుంది. డెన్మార్క్ 2007లో 271 మున్సిపాలిటీలను 98 చేసింది. కౌన్సిలర్ల సంఖ్య దాదాపు 4,600 నుంచి 2,500కు పడింది. తరువాత పరిశోధకులు ఖర్చులన్నీ కూడి చూస్తే ఒకచోట తగ్గింది ఇంకోచోట పెరిగి మొత్తం మీద చెప్పుకోదగ్గ మిగులు తేలలేదు.

దానికి కారణం పనుల స్వభావంలోనే ఉంది. మున్సిపాలిటీ ఖర్చులో పెద్ద వాటా బడులు, వృద్ధుల సంరక్షణ, చెత్త, రోడ్లది. ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు కావాలంటే ఊరు చిన్నదైనా పెద్దదైనా కావాల్సిందే. చెత్త బండి పదిళ్ల బదులు వంద ఇళ్లకు తిరిగినా ఆగాల్సిన గుమ్మాలు తగ్గవు. పైగా కొత్త కొలువులో అందరి జీతాలూ సమానం చెయ్యాలి. అప్పుడు ఎక్కువ వచ్చేవాళ్లకు తగ్గించరు, తక్కువ వచ్చేవాళ్లకు పెంచుతారు. సేవలూ అంతే. టొరంటోలో 1998లో ఆరు మున్సిపాలిటీలను ఒకటి చేసినప్పుడు ఇదే జరిగింది. విలీనానికి ముందు 1997లో పెట్టిన ఓటింగులో నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. రాష్ట్ర ప్రభుత్వం చేసి తీరింది. చెప్పిన పొదుపు మాత్రం కనపడలేదు.

అన్నిచోట్లా ఇంతే అనలేం. ఇజ్రాయెల్లో 2003 విలీనాల తరువాత ఖర్చు దాదాపు 9 శాతం తగ్గిందని, సేవలు దెబ్బతినలేదని ఒక అధ్యయనం తేల్చింది. మరీ చిన్నవి, మరీ దుబారా చేసేవి కలిసినప్పుడు లాభం ఉండొచ్చు. ఎంత చిన్నవి అన్న దగ్గరే పేచీ.

ఇంకో ఖర్చు ఉంది, అది విలీనానికి ముందే పడుతుంది. రేపు ఎలాగూ ఉమ్మడి ఖజానా అని తెలిసిన పాలకవర్గం ఈరోజు ఏం చేస్తుంది? అప్పు చేసి హాలు కడుతుంది. తీర్చేది అందరూ, వాడుకునేది మనం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. స్వీడన్‌లో 1952 విలీనానికి ముందు సరిగ్గా ఇదే జరిగిందని ఆర్థికవేత్తలు చూపించారు. కలవబోయే మున్సిపాలిటీలు అప్పులు పెంచుకున్నాయి. అయితే ఎక్కువ మందితో కలవబోయే చోట అప్పు ఇంకా ఎక్కువ అన్న లెక్క మాత్రం తేలలేదు.

ఒకే రోజు రెండు గీతలు

గీత ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి ఎవరు ఎవరితో కలిసి ఓటేస్తారో, ఎవరి పన్ను ఎవరి బడికి వెళ్తుందో తేలుతుంది. ఇది అర్థం కావాలంటే 1970 జనవరి 1న అమెరికాలో జరిగిన రెండు సంగతులు చాలు.

మొదటిది వర్జీనియాలోని రిచ్‌మండ్. నగరం పక్క కౌంటీలో కొంత భాగాన్ని కలుపుకుంది. కొత్తగా చేరిన దాదాపు 47 వేల మందిలో నల్లజాతివాళ్లు 1,600 లోపే. దాంతో నగర జనాభాలో నల్లజాతి వాటా 52 శాతం నుంచి 42 శాతానికి పడింది. సరిగ్గా మెజారిటీ చేతికి అందబోతున్న సమయంలో. ఒక్క కుటుంబమూ ఇల్లు మారలేదు, మారింది గీత ఒక్కటే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970 తరువాత 1977 దాకా కౌన్సిల్ ఎన్నికలే జరగలేదు. చివరికి నగరమంతా ఒకే బ్యాలెట్ మీద ఎన్నుకునే పద్ధతి పోయి వార్డులు వచ్చాకే నల్లజాతి మెజారిటీ కౌన్సిల్, ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయర్ హెన్రీ మార్ష్ వచ్చారు.

రెండోది ఇండియానాపొలిస్. అదే రోజు నగరాన్నీ చుట్టూ ఉన్న కౌంటీనీ కలిపి యూనిగవ్ అన్నారు. రాష్ట్ర శాసనసభే నిర్ణయించింది, ప్రజల ఓటింగ్ లేదు. రోడ్లు, ప్లానింగ్ కలిశాయి. బడుల జిల్లాలు మాత్రం విడివిడిగానే మిగిలాయి. అంటే శివారు కుటుంబం నగరవాసి హోదా పొందింది కానీ దాని పిల్లలు, దాని బడి పన్ను పాత గీత అవతలే ఉన్నాయి. తెల్లజాతి కుటుంబాలు శివారుకు వెళ్లడానికి ఆ గీతే కారణాల్లో ఒకటి. తరువాత కోర్టు జోక్యం చేసుకుని 1981 నుంచి నగరం పిల్లలను బస్సుల్లో శివారు బడులకు పంపించాల్సి వచ్చింది.

కాబట్టి విలీనం ప్రతిపాదన చేతికొస్తే ఏం కలుస్తోందో చదివాక, ఏం కలవకుండా వదిలేశారో చూడాలి. నేనైతే ముందు అదే చూస్తాను.

చిన్న మున్సిపాలిటీలను వెనకేసుకొచ్చేవాళ్లకు ఒక పాత వాదన ఉంది. చార్లెస్ టీబో అనే ఆర్థికవేత్త 1956లో చెప్పింది. పక్కపక్కన చాలా ఊళ్లుంటే, పన్నులూ సేవలూ నచ్చిన ఊరికి జనం మారిపోతారు, అలా కాళ్లతో ఓటేస్తారు అని. మారగలిగే స్తోమత ఉన్నవాళ్లకు ఇది నిజం. స్తోమత లేనివాళ్లకు చిన్న గీతలు గోడల్లా మారతాయి. డబ్బున్న కాలనీ తన పన్ను తన దగ్గరే ఉంచుకుని, చిన్న ప్లాట్లకు పర్మిషన్ ఇవ్వకుండా కూర్చుంటుంది. ఈ గోడ బద్దలు కొట్టడానికి విలీనం పనికొస్తుంది. అదే విలీనం ఇంకోచోట బక్క ఊరి గొంతు నొక్కుతుంది. పనిముట్టు ఒకటే.

నేల రూల్ మారితే

జనం ఎక్కడ ఉంటారన్నది చాలావరకు బిల్డింగ్ పర్మిషన్ నిర్ణయిస్తుంది. ఎన్ని అంతస్తులు, ఎంత చిన్న ప్లాటు, సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చొచ్చా లేదా. ఈ సంతకం ఎవరి చేతిలో ఉంటే ఊరి ఆకారం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2008లో 157 కౌన్సిళ్లను 73 చేసింది. అందులో నూసా అనే సముద్రతీర ఊరు సన్‌షైన్ కోస్ట్‌లో కలిసింది. నూసా అప్పటికే జనాభాకు ఒక పరిమితి పెట్టుకున్న ఊరు. బిల్డింగులు చెట్ల చివర్లు దాటకూడదనేది అక్కడి పట్టుదల. పెద్ద కౌన్సిల్లో చిన్న భాగమయ్యేసరికి ఈ పట్టు జారిపోతుందని జనానికి టెన్షన్ పట్టుకుంది. 2013 మార్చిలో ఓటింగ్ పెడితే 81 శాతం విడిపోవాలన్నారు. ఖర్చు మీరే భరించాలన్న షరతుకూ ఒప్పుకున్నారు. 2014 జనవరి 1న నూసా మళ్లీ వేరైంది. దాంతోపాటే ఇంకో మూడు కౌన్సిళ్లు కూడా. ఆ పరిమితుల వల్ల నూసాలో ఇళ్ల ధరలు ఎవరికి అందుతాయన్న ప్రశ్న ఉండనే ఉంది. ఊరి అందం కాపాడుకోవడం, కొత్తవాళ్లను రానివ్వకపోవడం చాలాసార్లు ఒకే రూల్‌తో జరిగిపోతాయి.

నగరం అంచున ఉన్న పల్లె కథ దీనికి తలకిందులు. విలీనం వార్త పొక్కగానే భూమి రేటు లేస్తుంది. అమ్ముకునేవాడికి పండగే. కౌలు రైతుకూ, అద్దెకు ఉండేవాడికీ ఇంకా దూరం జరగమన్న నోటీసు. పల్లె అన్న హోదాతో వచ్చే పథకాలు ఆగిపోతాయి, పట్టణం రేటు పన్ను మొదలవుతుంది, డ్రైనేజీ మాత్రం తాపీగా వస్తుంది.

రెండు రేవులు

మళ్లీ జపాన్‌కు వద్దాం. అక్కడి ఈశాన్య తీరంలో 2005లో ఇషినోమాకి నగరంలో ఆరు ఊళ్లు కలిశాయి. ఒగత్సు వాటిలో ఒకటి. సిరా నూరుకునే నల్లరాతి పలకలకు పేరున్న చిన్న రేవు. పక్కనే ఒనగావా, అది కలవలేదు. అణు విద్యుత్ కేంద్రం పన్ను వస్తుండటంతో దానికి ఆ అవసరం పడలేదు.

2011 మార్చి 11న సునామీ రెండు ఊళ్లనూ తుడిచిపెట్టింది. ఒనగావాకు తన మేయర్, తన కౌన్సిల్, తన ప్లానింగ్ ఉన్నాయి. సముద్రాన్ని కనపడనివ్వని గోడ వద్దనుకుని, నేలనే ఎత్తు చేసుకుని ఊరిని మళ్లీ కట్టుకుంది. 2015 మార్చిలో రైల్వే స్టేషన్ తెరుచుకుంది. ఒగత్సుకు మిగిలింది శాఖా కార్యాలయం. ఎక్కడ ఇళ్లు కట్టాలి, గోడ ఎంత ఎత్తు ఉండాలి అన్నవి తేలాల్సింది ఊరి బయటే. సునామీ కష్టాల్లోనే మునిగి ఉన్న పెద్ద నగరానికి ఒగత్సు ఎన్నో మూలల్లో ఒక మూల. నాలుగు వేల పైచిలుకు జనాభా కొన్నేళ్లలో దాదాపు పావు వంతుకు పడింది.

అణు కేంద్రం డబ్బు లేకపోతే ఒనగావా అలా లేచేదా అని ఎవరైనా అంటే నా దగ్గర సమాధానం లేదు. ఆ ఊరు కూడా జనాన్ని చాలానే పోగొట్టుకుంది. అయినా విపత్తు రోజున నిర్ణయించే మనిషి ఊళ్లో ఉండటం, లేకపోవడం ఒకటి కావు.

విడిపోవడం

కలవడం చట్టంతో అయిపోతుంది, విడిపోవడానికి మాత్రం మెట్లు ఎక్కువ. మాంట్రియల్ ద్వీపం మీది మున్సిపాలిటీలన్నీ 2002లో ఒకటయ్యాయి. ప్రభుత్వం మారాక 2004 జూన్‌లో విడిపోవడానికి ఓటింగ్ పెట్టారు. మెజారిటీ ఒక్కటే చాలదు, మొత్తం నమోదైన ఓటర్లలో 35 శాతం అవునని ఉండాలి. 22 చోట్ల ఓటింగ్ జరిగితే 15 ఊళ్లు గట్టెక్కాయి. 2006లో బయటికొచ్చాయి. అదీ సగమే. పోలీసు, నీళ్లు, ప్రజా రవాణా వంటివి ఉమ్మడి మండలి కిందే ఉండిపోయాయి, అందులో పెద్ద నగరానిదే పైచేయి.

ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. 1971లో చట్టం చేసి కలపాలని చూస్తే పెద్దగా ఎవరూ కదల్లేదు. ఇప్పటికీ దాదాపు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి, ప్రతిదానికీ ఓ మేయర్. చెత్త, నీళ్లు, రవాణా లాంటి పనులను మాత్రం పదులకొద్దీ కమ్యూన్లు కలిసి ఉమ్మడి సంఘాల ద్వారా నడుపుకుంటాయి. పని కలిపారు, ఊరిని కలపలేదు. అయితే సంఘంలో జరిగే నిర్ణయాలు ఓటరుకు సరిగా కనపడవు. దేవుడి పెళ్లికి అందరూ పెద్దలే అన్నట్టు, తప్పు ఎవరిదో తేలదు.

ఫుకుషిమా ప్రాంతంలోని యమత్సురి అనే ఊరు 2001 అక్టోబరులో మేం ఎవరితోనూ కలవం అని తీర్మానం చేసింది. అప్పటికి దాని జనాభా ఏడు వేలు. గ్రాంట్లకు కోత పడుతుందని తెలుసు కాబట్టి ఖర్చులు తగ్గించుకుంది. కౌన్సిలర్లకు నెల జీతం తీసేసి హాజరైన రోజుకు 30 వేల యెన్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. గ్రంథాలయానికి డబ్బు లేకపోతే దేశమంతటి నుంచీ పాత పుస్తకాలు పంపమని అడిగింది, లక్షల్లో వచ్చిపడ్డాయి. ఆఫీసును ఏడాదిలో ప్రతిరోజూ తెరిచే ఉంచింది. జనాభా తగ్గడం అక్కడా ఆగలేదు, 2020 నాటికి ఐదు వేల పైచిలుకు. కానీ ఆఫీసు దూరమైన ముసలివాళ్ల కోసం ఆ ఊరు ఒక ఏర్పాటు చేసింది. దూరంగా ఉండే వాడల్లో మున్సిపల్ ఉద్యోగి ఇంటినే చిన్న ఆఫీసు చేసింది. సర్టిఫికెట్ కావాలన్నా, పన్ను కట్టాలన్నా సాయంత్రం ఆ ఉద్యోగి ఇంటి తలుపు తడితే చాలు.